ఫిర్యాదీ, ప్రాసిక్యూటర్, జడ్జి ఒకరే అయితే: ప్రశాంత్ భూషణ్ ధిక్కార కేసు చెప్పే సంగతులు

1987 నవంబరు 28న హైదరాబాద్‌లో బార్ కౌన్సిల్ సభ జరిగింది. మాట్లాడింది పి.శివశంకర్, అప్పటి కేంద్ర న్యాయశాఖ మంత్రి, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జిగా పనిచేసిన మనిషి. విదేశీ మారకద్రవ్యం చట్టాన్ని తుంగలో తొక్కినవాళ్లు, కోడళ్లను తగలబెట్టినవాళ్లు, అభివృద్ధి నిరోధకులు అందరూ సుప్రీంకోర్టులో ఆశ్రయం సంపాదించుకున్నారని, జడ్జీలు పై వర్గాల నుంచి వచ్చారు కాబట్టి జమీందార్లంటే, ఉన్నవాళ్లంటే వాళ్లకున్న సానుభూతి దాచినా దాగడం లేదని ఆయన బాహాటంగా అన్నారు. దాని మీద కోర్టు ధిక్కారం కేసు పడింది. 1988లో సుప్రీంకోర్టు ఆ ప్రసంగమంతా చదివి, ఇందులో కొన్ని మాటలు లేకుండా ఉంటే బాగుండేది గానీ ఇది ధిక్కారం కాదని తేల్చేసింది.

2020లో అదే సుప్రీంకోర్టు ట్విట్టర్‌లో రెండు పోస్టులు పెట్టినందుకు ఓ లాయర్‌ని దోషిగా తేల్చింది. ఆ లాయర్ ప్రశాంత్ భూషణ్. మంత్రి మాటలూ లాయర్ మాటలూ పక్కపక్కన పెట్టి చదివితే ఏవి ఎక్కువ ఘాటుగా ఉన్నాయో చెప్పడానికి న్యాయశాస్త్రం చదవక్కర్లేదు. రెండింటికీ వర్తించింది 1971 నాటి ధిక్కార చట్టమే, మధ్యలో 2006లో ఒక ముఖ్యమైన సవరణ వచ్చినా అది మాట్లాడేవాడికి అనుకూలంగా వచ్చిందే తప్ప వ్యతిరేకంగా కాదు. తేడా అంతా బెంచిలో ఉంది. కోర్టుల గురించి ఎంతవరకు మాట్లాడితే నేరం కాదో, ఎక్కడ దాటితే నేరమో ఆ రోజు కుర్చీలో కూర్చున్న జడ్జీల స్వభావాన్ని బట్టి మారిపోతుంటే మామూలు పౌరుడు ఏం చూసుకుని నోరు తెరవాలి? ప్రశాంత్ భూషణ్ మంచివాడా చెడ్డవాడా, ఆయన రాజకీయాలేంటి అన్న చర్చ కంటే ఈ ప్రశ్న చాలా పెద్దది.

ముందు ఆ రెండు పోస్టులేంటో చూద్దాం. 2020 జూన్ 27న పెట్టిన దాని సారాంశం ఇది: లాంఛనంగా ఎమర్జెన్సీ ప్రకటించకుండానే గత ఆరేళ్లలో దేశంలో ప్రజాస్వామ్యం ఎలా ధ్వంసమైందో రేపు చరిత్రకారులు రాసేటప్పుడు అందులో సుప్రీంకోర్టు పాత్రను, ముఖ్యంగా చివరి నలుగురు ప్రధాన న్యాయమూర్తుల పాత్రను ప్రత్యేకంగా గుర్తిస్తారు. రెండోది జూన్ 29న. నాగపూర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ.బోబ్డే ఓ ఖరీదైన హార్లీ డేవిడ్‌సన్ బైకు మీద కూర్చున్న ఫోటో బయటికొచ్చింది. దాని మీద భూషణ్ స్పందిస్తూ, ఓ బీజేపీ నాయకుడికి చెందిన 50 లక్షల బైకును సీజేఐ మాస్కు, హెల్మెట్ లేకుండా నడుపుతున్నారని, అదే సమయంలో సుప్రీంకోర్టును లాక్‌డౌన్‌లో పెట్టి ప్రజలకు న్యాయం అందకుండా చేస్తున్నారని రాశారు.

ఈ రెండో పోస్టులో తప్పుంది. బైకు స్టాండు మీద ఉంది, నడపడం లేదు, హెల్మెట్ అవసరమే లేదు. ఇది భూషణ్ తన అఫిడవిట్‌లో తానే ఒప్పుకున్నారు, ఆ ముక్క వరకు విచారం వ్యక్తం చేసి మిగతాదానికి కట్టుబడి ఉన్నానన్నారు. కోర్టు పూర్తిగా మూసేశారన్న అర్థం వచ్చేలా రాయడమూ సరైంది కాదు. మార్చి 23 నుంచి ఆగస్టు 4 దాకా బెంచీలు 879 సార్లు కూర్చున్నాయని, 12,748 కేసులు విన్నాయని తీర్పులో లెక్క చెప్పారు, భూషణ్ స్వయంగా తన మీద పెట్టిన ఓ ఎఫ్ఐఆర్ విషయంలో వీడియో విచారణకు హాజరై ఊరట పొందిన సంగతీ ఎత్తిచూపారు. ఇది న్యాయమైన అభ్యంతరమే. కానీ పొరపాటు విమర్శ వేరు, నేరం వేరు. వీడియో విచారణలు లక్షలాది మంది మామూలు కక్షిదారులకు అందుబాటులో ఉన్నాయా లేదా అన్న చర్చ అప్పట్లో దేశంలో ప్రతి కోర్టు ఆవరణలోనూ జరిగింది, ఆ చర్చలో ఒకరు అతిశయోక్తి వాడితే దానికి జవాబు ఆ లెక్కలే. ఆ లెక్కలు ఒక ప్రకటనలో ఇచ్చి ఉంటే అక్కడితో అయిపోయేది.

కేసు మొదలైన తీరు ఇంకా శ్రద్ధగా చూడాల్సింది. ఎవరైనా బయటి వ్యక్తి క్రిమినల్ ధిక్కార పిటిషన్ వేయాలంటే ప్రభుత్వ అత్యున్నత న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ అనుమతి ఉండాలి, చట్టంలోని 15వ సెక్షన్ ఆ జల్లెడ పెట్టిందే కక్షసాధింపు పిటిషన్లను ఆపడానికి. బైకు పోస్టు మీద ఓ న్యాయవాది ఆ అనుమతి లేకుండానే పిటిషన్ వేశారు. మామూలుగా అయితే అది వెనక్కి పోవాలి. బదులుగా కోర్టు దాన్నే సుమోటోగా, అంటే తనంతట తాను చేపట్టిన కేసుగా మార్చుకుంది, అలా మారిస్తే అనుమతి అవసరం ఉండదు. జూలై 22న జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ బి.ఆర్.గవాయ్, జస్టిస్ కృష్ణ మురారి ధర్మాసనం ముందుకు అది వచ్చింది. అంతవరకు ఉన్నది ఒక్క బైకు పోస్టే. ఆ రోజు పొద్దున టైమ్స్ ఆఫ్ ఇండియాలో జూన్ 27 నాటి పోస్టు కూడా అచ్చయిందని గమనించిన జడ్జీలు దాన్నీ కేసులో కలిపారు. అంటే రెండో ఆరోపణకు పిటిషనర్ కూడా లేడు, పేపర్ చదివింది, అభియోగం తెచ్చింది, నోటీసు ఇచ్చింది, చివరికి తీర్పు చెప్పింది అందరూ ఒకరే.

రెండు రోజుల తర్వాత అదే బెంచి ముందుకు 2009 నాటి ఇంకో కేసు కూడా వచ్చింది, ఏళ్ల తరబడి కదలని ఫైలు అది. తెహల్కా పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో గత 16 మంది ప్రధాన న్యాయమూర్తుల్లో సగం మంది అవినీతిపరులని భూషణ్ అన్నందుకు పెట్టిన కేసు. దాంట్లో 2010లో ఆయన తండ్రి శాంతి భూషణ్ చేసిన పని మన న్యాయ చరిత్రలో అరుదైంది. శాంతి భూషణ్ అంటే 1975లో ఇందిరా గాంధీ ఎన్నికను అలహాబాద్ హైకోర్టులో రద్దు చేయించిన లాయర్, జనతా ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి. ఆయన 16 మంది పేర్లు రాసి, అందులో 8 మంది కచ్చితంగా అవినీతిపరులని చెప్తూ సీల్డ్ కవర్‌లో కోర్టుకిచ్చి, నన్ను కూడా ఈ కేసులో చేర్చండి, స్వచ్ఛమైన న్యాయవ్యవస్థ కోసం జైలుకెళ్లడం గౌరవంగా భావిస్తాను అన్నారు.

భూషణ్ అప్పటికే దశాబ్దాలుగా ప్రజాప్రయోజన వ్యాజ్యాలు నడిపిన మనిషి. 2012 ఫిబ్రవరిలో 122 టూజీ టెలికాం లైసెన్సులు రద్దయిన కేసులో, 2014లో 214 బొగ్గు బ్లాకుల కేటాయింపు రద్దయిన కేసులో వాదించినవాళ్లలో ఆయన ఉన్నారు. జడ్జీల ఆస్తుల ప్రకటన, కొలీజియంలో (జడ్జీలను ఎంపిక చేసే సీనియర్ జడ్జీల బృందంలో) పారదర్శకత, న్యాయవ్యవస్థ జవాబుదారీతనం మీద ఏళ్లుగా ప్రచారం చేస్తున్నారు. కోర్టు అంటే గిట్టక మాట్లాడినవాడు కాదు, కోర్టు మీద నమ్మకంతో జీవితమంతా దాని గుమ్మంలోనే గడిపినవాడు. ఆయన రాజకీయాలతో విభేదించేవాళ్లు బోలెడుమంది, అది వేరే విషయం.

ఆగస్టు 14న తీర్పు వచ్చింది, 108 పేజీలు. ట్విట్టర్ కంపెనీ తాను కేవలం వేదికనని చెప్పుకుంది, దాన్ని వదిలేశారు. భూషణ్ దోషి. ఆ పోస్టులు న్యాయవ్యవస్థ పునాదినే కదిలించేలా ఉన్నాయని, ఇలాంటి దాడిని గట్టిగా ఎదుర్కోకపోతే దేశాల మధ్య మన పరువు కూడా దెబ్బతినొచ్చని కోర్టు అంది. 130 కోట్లకు పైగా జనాభా ఉన్న దేశంలో, రాజ్యాంగం నిలబెట్టిన సర్వోన్నత న్యాయస్థానం పునాది రెండు చిన్న పోస్టులకు కదులుతుందంటే ఆ మాట ఎవరి బలాన్ని చెబుతున్నట్టు, ఎవరి బలహీనతను చెబుతున్నట్టు? ఆ 108 పేజీల్లో ఒకటి మాత్రం కనిపించదు: ఆ పోస్టులు చదివాక ఫలానా కేసు ఆగిపోయిందనో, ఫలానా సాక్షి బెదిరాడనో, ఫలానా ఉత్తర్వు అమలు కాలేదనో చూపించే ఒక్క ఉదాహరణ.

అలా చూపించాల్సిన అవసరం చట్టమే పెట్టలేదు మరి. క్రిమినల్ ధిక్కారాన్ని 2(సి) సెక్షన్ మూడు రకాలుగా చెబుతుంది. నడుస్తున్న కేసును ప్రభావితం చేయడం ఒకటి, న్యాయపాలనకు అడ్డు తగలడం ఇంకొకటి. ఈ రెండింటితో ఎవరికీ పేచీ లేదు, సాక్షుల్ని బెదిరిస్తేనో, కోర్టు హాల్లో జడ్జి మీద చెప్పు విసిరితేనో శిక్ష పడాల్సిందే. మూడో రకం దగ్గరే తంటా: కోర్టును అప్రతిష్ఠపాలు చేసినా, దాని అధికారాన్ని తగ్గించినా, అంతెందుకు, తగ్గించేలా ఉన్నా చాలు. జరిగిన నష్టం అక్కర్లేదు, జరగొచ్చన్న అనుమానం సరిపోతుంది. ఆ అనుమానం ఎవరికి కలగాలి? జడ్జికి. దొంగతనం కేసులో కూడా పోయిన వస్తువేంటో చెప్పాలి, ఇక్కడ పోయిన గౌరవం ఎంతో, ఎవరి దృష్టిలో పోయిందో చెప్పక్కర్లేదు.

అదే చట్టంలో 13వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. ధిక్కారం జరిగిందని తేలినా సరే, అది న్యాయప్రక్రియకు గణనీయంగా ఆటంకం కలిగించిందని, లేదా కలిగించేలా ఉందని కోర్టు నమ్మితే తప్ప శిక్ష వేయకూడదు. 2006 సవరణ దీనికి ఇంకొకటి జోడించింది: చెప్పింది నిజమై, ప్రజాప్రయోజనం కోసం, సదుద్దేశంతో చెప్పినదైతే దాన్ని సమర్థనగా తీసుకోవచ్చు. భూషణ్ తన జవాబులో చేసింది అదే. ఆరేళ్లలో కోర్టు ఏయే కీలకమైన కేసులు ఎలా నడిపిందో, ఏవి వాయిదాల మీద వాయిదాలు పడ్డాయో, తన అభిప్రాయానికి ఆధారాలేంటో వివరంగా రాసి ఇచ్చారు. 2018 జనవరి 12న నలుగురు సీనియర్ జడ్జీలు, జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రంజన్ గొగోయ్, జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ కురియన్ జోసెఫ్, ఢిల్లీలో చలమేశ్వర్ ఇంటి పచ్చికలో ప్రెస్‌మీట్ పెట్టి, ఈ సంస్థను కాపాడుకోకపోతే ప్రజాస్వామ్యం బతకదని చెప్పిన సంగతి దేశమంతా టీవీలో చూసింది. పదవిలో ఉన్న జడ్జీలు అన్న మాటకూ, ఒక లాయర్ రెండున్నరేళ్ల తర్వాత రాసిన మాటకూ మధ్య దూరం ఎంత? కోర్టు ఈ ఆధారాల్లోకి లోతుగా వెళ్లలేదు, సదుద్దేశం లేదు, ప్రజాప్రయోజనం లేదని చెప్పి ఆ తలుపు మూసేసింది. ఉద్దేశం ఎలాంటిదో తేల్చింది కూడా విమర్శకు గురైన సంస్థే.

ఆగస్టు 20న శిక్ష మీద వాదనలు. దేశంలో ఈ మధ్యకాలంలో జరిగిన విచారణల్లో అంత నాటకీయత ఉన్నది తక్కువ. 1922లో అహ్మదాబాద్ కోర్టులో గాంధీ చెప్పిన మాటల్ని భూషణ్ చదివి వినిపించారు: దయ అడగను, ఔదార్యం చూపమని వేడుకోను, కోర్టు నేరమన్నది నాకు పౌరుడిగా అత్యున్నత కర్తవ్యంగా కనిపిస్తోంది, చట్టప్రకారం ఏ శిక్ష వేసినా సంతోషంగా తీసుకుంటాను. బేషరతు క్షమాపణకు కోర్టు ఆగస్టు 24 దాకా గడువిచ్చింది. మనసులో లేని క్షమాపణ చెబితే అది నా అంతరాత్మకూ, నేను ఎంతో గౌరవించే ఈ సంస్థకూ ధిక్కారమే అవుతుందని ఆయన రాసిచ్చారు. ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి, అప్పటి అటార్నీ జనరల్ కె.కె.వేణుగోపాల్. ప్రభుత్వ అత్యున్నత న్యాయాధికారి లేచి, భూషణ్‌ను శిక్షించొద్దని కోరారు. సుప్రీంకోర్టులో ప్రజాస్వామ్యం విఫలమైందని అన్న ఐదుగురు జడ్జీల జాబితా, పైస్థాయి న్యాయవ్యవస్థలో అవినీతి ఉందని అన్న తొమ్మిది మంది జడ్జీల మాటలు తన దగ్గర ఉన్నాయని కూడా చెప్పబోయారు. బెంచి ఆ వాదనలోకి వెళ్లనివ్వలేదు. ఆగస్టు 25న జస్టిస్ అరుణ్ మిశ్రా, క్షమాపణ అడగడంలో తప్పేముంది, అది ఎన్నో గాయాల్ని మాన్పుతుంది కదా అని మళ్లీ మళ్లీ అడిగారు. తప్పేం లేదు, నిజంగా తప్పు చేశాననుకున్నవాడు చెప్పినప్పుడు. శిక్ష భయంతో రాబట్టిన క్షమాపణ కోర్టు గౌరవాన్ని ఏ విధంగా పెంచుతుందన్నదే ప్రశ్న.

ఆగస్టు 31న శిక్ష: ఒక్క రూపాయి జరిమానా. సెప్టెంబరు 15లోగా కట్టకపోతే మూడు నెలల జైలు, మూడేళ్లపాటు సుప్రీంకోర్టులో ప్రాక్టీసు నిషేధం. ఆయన తరఫున వాదించిన రాజీవ్ ధవన్ వెంటనే ఆ రూపాయి ఇచ్చారు, భూషణ్ సెప్టెంబరు 14న కోర్టు రిజిస్ట్రీలో కట్టేసి, తీర్పును సమీక్షించమని రివ్యూ పిటిషన్ వేశారు. రూపాయి కట్టడమంటే తీర్పును ఒప్పుకున్నట్టు కాదని కూడా అన్నారు.

రూపాయి అంటే చాలామందికి నవ్వొచ్చింది, ఇంకొందరు కోర్టు పెద్దమనసు చేసుకుందన్నారు. కానీ 13వ సెక్షన్ పక్కన పెట్టి ఈ శిక్షను చూడండి. న్యాయప్రక్రియకు గణనీయమైన ఆటంకం కలిగితేనే శిక్ష వేయాలి. నిజంగానే పునాదులు కదిలేంత ఆటంకం కలిగితే రూపాయి జరిమానా ఏ కొలతకూ సరిపోదు, అంత ఆటంకం లేకపోతే అసలు శిక్షే వేయకూడదు. తీర్పు 108 పేజీల్లో చెప్పిన ప్రమాదం, శిక్షలో చూపించిన ప్రమాదం ఒకదానికొకటి పొసగవు. పైగా ఆ రూపాయి వెనక అసలు శిక్ష దాక్కుని ఉంది. లాయర్‌కి లైసెన్సు తీసేసే అధికారం తనకు లేదని, అది బార్ కౌన్సిల్ పని అని సుప్రీంకోర్టే 1998లో ఐదుగురు జడ్జీల బెంచి ద్వారా చెప్పింది. అయినా తన ముందు వాదించకుండా ఆపగలనని కోర్టు అంటోంది. వాదించడమే బతుకుతెరువైనవాడికి మూడేళ్లు ఆ గడప తొక్కొద్దనడం జైలు కంటే చిన్న శిక్షేం కాదు.

దీని మీద అప్పీలు ఎక్కడికి వెళ్లాలి? హైకోర్టు ధిక్కార శిక్ష వేస్తే సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు. సుప్రీంకోర్టే వేస్తే ఎక్కడికీ లేదు. రివ్యూ అంటే తీర్పిచ్చిన కోర్టునే మళ్లీ చూసుకోమని అడగడం. హత్య కేసులో శిక్ష పడినవాడికి కూడా కనీసం ఒక మెట్టు పైన ఇంకొకరు వింటారు. తన మీద వచ్చిన మాటకు తానే అభియోగం పెట్టి, తానే విని, తానే శిక్ష వేసి, అప్పీలు కూడా లేకుండా చేసే నేరం మన చట్టాల్లో ఇదొక్కటే కనిపిస్తుంది. తన వ్యాజ్యంలో తానే న్యాయమూర్తి కాకూడదన్నది కోర్టులు మిగతా అందరికీ, ఎమ్మార్వోల నుంచి యూనివర్సిటీ వీసీల దాకా, రోజూ చెప్పే పాఠం.

ఈ చట్టం మూలాలు కూడా గౌరవంగా ఏం లేవు. 1765లో ఇంగ్లండ్‌లో ఓ కేసు కోసం జస్టిస్ విల్మాట్ రాసి, అసలు కోర్టులో చదవనే చదవని తీర్పు నుంచి ఇది పుట్టింది. 1899లో బ్రిటిష్ వలసలకు చివరి అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్, ఇంగ్లండ్‌లో ఈ రకం ధిక్కారానికి కాలం చెల్లిందని, కానీ నల్లజాతి జనాభా ఎక్కువగా ఉండే చిన్న వలసల్లో కోర్టు గౌరవం కాపాడాలంటే అవసరం కావచ్చని చెప్పింది. ఆ వాక్యం చదివితే ఒళ్లు మండుతుంది. పాలించేవాడికి అక్కర్లేదట, పాలితుడికి కావాలట. చివరికి ఇంగ్లండ్ 2013లో చట్టం చేసి మరీ ఈ నేరాన్ని తీసేసింది. 1987లో స్పైక్యాచర్ కేసు (ఓ మాజీ గూఢచారి పుస్తకం మీద నడిచిన కేసు) తీర్పు తర్వాత ఓ లండన్ పత్రిక ముగ్గురు పెద్ద జడ్జీల ఫోటోలు తలకిందులుగా వేసి, మూర్ఖులని పెద్దక్షరాల్లో అచ్చేస్తే ఎవరి మీదా కేసు పెట్టలేదు, అక్కడి కోర్టులకేం కాలేదు.

కెనడాలో ఉదాహరణ ఇంకా దగ్గరిది. టొరంటోలో హ్యారీ కొపీటో అనే లాయర్, ఉద్యమకారుడు కూడా. పోలీసుల మీద తన క్లయింటు వేసిన దావా కొట్టేశాక, ఈ తీర్పు న్యాయాన్ని వెక్కిరించడమేనని, కోర్టులు పోలీసులు గట్టి జిగురుతో అతికించినట్టు కలిసిపోయారని పత్రికకు చెప్పారు. దోషిగా తేల్చారు. 1987లో ఒంటారియో అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టేసింది, భావప్రకటన హక్కు ముందు ఈ నేరం ఈ రూపంలో నిలబడదని మెజారిటీ జడ్జీలు తేల్చారు. ఆయనకు అప్పీలు ఉంది, అందుకే అది సాధ్యమైంది.

మన దగ్గర మాత్రం ఒక్కో తీర్పు ఒక్కో దారి. కేరళ ముఖ్యమంత్రిగా ఉన్న ఇ.ఎం.ఎస్.నంబూద్రిపాద్ 1967లో, కోర్టులు ధనిక వర్గాల వైపు మొగ్గే అణచివేత సాధనాలని మార్క్సిస్టు దృష్టితో అంటే, 1970లో సుప్రీంకోర్టు దోషిగా నిలబెట్టి జరిమానా 1,000 నుంచి 50 రూపాయలకు తగ్గించింది. దాదాపు అదే వర్గ విమర్శ చేసిన శివశంకర్‌కి ఏమీ కాలేదు. 2002లో అరుంధతీ రాయ్‌కి ఒక రోజు జైలు, 2,000 జరిమానా. వెనకటికి 1920లో బాంబే హైకోర్టు, ఓ జిల్లా జడ్జి లేఖను తన పత్రికలో అచ్చేసి క్షమాపణ చెప్పనన్న గాంధీని మందలించి వదిలేసింది. వీటన్నిటినీ కలిపి ఒక సూత్రం రాయమంటే ఎంత పెద్ద లాయరైనా రాయలేడు.

అవతలి వాదన వినకుండా ఉండటం సరికాదు, దాంట్లో బలం ఉంది. జడ్జి ప్రెస్‌మీట్ పెట్టి జవాబు చెప్పలేడు, సోషల్ మీడియాలో వాదించలేడు. రాజకీయ పార్టీల సైన్యాలు ఒక తీర్పు నచ్చకపోతే జడ్జి కులం, కుటుంబం, ఊరు అన్నీ బయటికి లాగి రోజుల తరబడి బూతులు రాయడం మన తెలుగు రాష్ట్రాల్లో కళ్లారా చూసిందే. 2020 మేలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అలాంటి పోస్టుల మీద 49 మందికి ధిక్కార నోటీసులిచ్చింది, ఆ తర్వాత దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. కింది కోర్టు జడ్జి పరిస్థితి ఇంకా కష్టం, స్థానిక పెద్దల ఒత్తిడి, బెదిరింపులు, వాటి మధ్య ఒక్కడే నిలబడాలి. వాళ్లకు రక్షణ కావాలి. అయితే బెదిరింపుకి ఐపీసీలో సెక్షన్లుండేవి, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లోనూ ఉన్నాయి, అబద్ధపు వ్యక్తిగత ఆరోపణకు పరువునష్టం దావా ఉంది, కేసును ప్రభావితం చేస్తే ధిక్కార చట్టంలోనే మిగతా రెండు రకాలున్నాయి. ఇవన్నీ తీసేశాక ఈ మూడో రకానికి మిగిలేది విమర్శ మాత్రమే, అభిప్రాయం మాత్రమే. సంస్థ చరిత్రను అంచనా వేసే మాట, జూన్ 27 నాటి పోస్టులాంటిది, సరిగ్గా ఆ ఖాళీలో పడుతుంది.

ధిక్కార అధికారమే వద్దనడం కూడా పొరపాటు, ఎందుకంటే అది లేకపోతే ఎక్కువ నష్టపోయేది పేదవాడే. 2018లో చట్టాల మార్పు మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే లా కమిషన్ తన 274వ నివేదికలో ఇచ్చిన లెక్క ప్రకారం హైకోర్టుల్లో పెండింగులో ఉన్న సివిల్ ధిక్కార కేసులు 96,310, క్రిమినల్ ధిక్కార కేసులు 568. సివిల్ ధిక్కారమంటే కోర్టు ఉత్తర్వును కావాలని అమలు చేయకపోవడం. పెన్షన్ ఇవ్వమని ఉత్తర్వు వచ్చినా ఇవ్వని ఆఫీసు, భూమికి పరిహారం కట్టమన్నా కట్టని శాఖ, ఇలాంటివే ఇందులో ఎక్కువ. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాఠశాలల ఆవరణల్లోంచి సచివాలయాలు తొలగించమన్న ఉత్తర్వు పాటించనందుకు ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు రెండు వారాల జైలు వేసి, వాళ్లు క్షమాపణ చెప్పాక సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమని మార్చింది. కోర్టు పరువు నిజంగా పోయేది అక్కడే, ఇచ్చిన ఉత్తర్వు చిత్తుకాగితమైనప్పుడు. ఆ దాదాపు లక్ష కేసులు కదిలితే జనంలో కోర్టు మీద పెరిగే నమ్మకం, ఒక విమర్శకుడితో క్షమాపణ చెప్పించుకుంటే రాదు.

ఇంకోటి, భూషణ్ పేరున్నవాడు కాబట్టి దేశమంతా చూసింది, మాజీ జడ్జీలు మాట్లాడారు, వేలమంది సంతకాలు చేశారు, శిక్ష రూపాయి దగ్గర ఆగింది. అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల మీద తీవ్రమైన ఆరోపణలతో ఫిర్యాదులు పంపిన ముగ్గురికి మూడు నెలల జైలు శిక్ష విధించింది. వాళ్ల ఆరోపణల తీరు, భాష పూర్తిగా వేరు, రెండు కేసులూ ఒకటే అనడం సరికాదు. అయినా ఆ ముగ్గురి పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి? జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసుకునే జూనియర్‌ని ఊహించుకోండి. బెయిలు దరఖాస్తులు అన్యాయంగా వాయిదా పడుతున్నాయని, ఫలానా కోర్టులో ఫలానావాళ్లకే పనులవుతున్నాయని బార్ రూములో గొంతు తగ్గించి చెప్పుకుంటారు గానీ కాగితం మీద పెట్టరు. రేపు అదే జడ్జి ముందు నిలబడాలి, క్లయింట్లు పోతారన్న టెన్షన్, పైన ధిక్కారం కత్తి. వ్యవస్థలోని లోపం అందరికంటే ముందు తెలిసేది లాయర్లకే, అందరికంటే ఎక్కువ నోరు నొక్కుకోవాల్సి వచ్చేదీ వాళ్లే.

మార్చాల్సినవి అంత క్లిష్టమైనవేం కావు. అప్రతిష్ఠ అనే మూడో రకాన్ని తీసేయాలి, లేదంటే కనీసం న్యాయపాలనకు స్పష్టంగా, వెంటనే జరిగే నష్టాన్ని చూపించాలన్న షరతు పెట్టాలి. సుమోటో అయినా అటార్నీ జనరల్ అభిప్రాయం ముందే వినాలి, ఆగస్టు 20న ఆయన చెప్పింది ఆగస్టు 14కి ముందు విని ఉంటే కేసు ఇంకోలా ఉండేదేమో. అభియోగం పెట్టిన బెంచి విచారించకూడదు. సుప్రీంకోర్టు శిక్ష వేస్తే అంతకంటే పెద్ద బెంచికి అప్పీలు ఉండాలి, ఈ డిమాండ్‌తో భూషణ్ ప్రత్యేకంగా పిటిషన్ కూడా వేశారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, లా కమిషన్ దాన్ని సరిగ్గానే చెప్పింది: చట్టం సవరించినా సుప్రీంకోర్టుకు 129వ అధికరణం, హైకోర్టులకు 215వ అధికరణం ఇచ్చిన ధిక్కార అధికారం అలాగే ఉంటుంది. దాన్ని చూపించి కమిషన్ సవరణే వద్దంది, అది మాత్రం సరైన ముగింపు కాదు. రాజ్యాంగం అధికారం ఇచ్చింది, దాన్ని ఎలా వాడాలో హద్దులు గీసుకోవాల్సిన బాధ్యతను కూడా కోర్టుకే వదిలింది. కాబట్టి పార్లమెంటు కంటే ముందు కదలాల్సింది కోర్టే.

కదిలే అవకాశాలు రెండు వచ్చాయి. 2020 ఆగస్టులో భూషణ్, పాత్రికేయులు ఎన్.రామ్, అరుణ్ శౌరి కలిసి 2(సి)లోని అప్రతిష్ఠ క్లాజు రాజ్యాంగబద్ధం కాదని సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఆగస్టు 13న, అంటే భూషణ్ మీద తీర్పుకు సరిగ్గా ముందు రోజు, దాన్ని వెనక్కి తీసుకున్నారు. వేరే కోర్టుకు వెళ్లే స్వేచ్ఛ ఇచ్చారు గానీ ఆ క్లాజు చెల్లుతుందా లేదా అన్నది తేలలేదు. రెండో అవకాశం 2009 కేసులో వచ్చింది. జడ్జీల మీద అవినీతి ఆరోపణ బహిరంగంగా ఎప్పుడు చేయొచ్చు, చేయాలంటే పద్ధతేంటి అన్న ప్రశ్నల్ని 2020 ఆగస్టు 17న కోర్టే రాసుకుంది. 2022 ఆగస్టు 30న జస్టిస్ ఇందిరా బెనర్జీ నేతృత్వంలోని బెంచి, భూషణ్ ఇచ్చిన వివరణనూ పత్రిక సంపాదకుడి క్షమాపణనూ తీసుకుని ఆ కేసు మూసేసింది. 13 ఏళ్లు నడిచిన కేసు, రాసుకున్న ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేకుండా ముగిసింది.